డబ్బాలు కనిపించాయని ఫార్మాట్ కొట్టకండి

గత సంచికలో నా పేరు మీద రావాల్సింది వేరే వ్యాసం. మా తాత నోట విన్న ఊరి మాటల గురించి. ఏతాం, గరిసె, మదుం, అలాంటివి. అది టైముకి అందలేదు. ఎడిటర్ అక్క ఫోన్ చేస్తే "లాప్‌టాప్ ప్రాబ్లం అక్కా" అన్నా. ప్రతి సంచికకీ కనీసం ముగ్గురు చెప్పే మాటే కాబట్టి అక్క నమ్మలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ రాత్రి ఏం జరిగిందో ఇప్పుడు మొత్తం చెప్తున్నా. మన బ్రాంచ్ వాళ్లకి కొంత తెలిసిన విషయమే. మిగతావాళ్లకి ఎప్పుడో ఒకరోజు పనికొస్తుంది.

ముందే ఒక మాట. కమాండ్లని పలికినట్టుగా తెలుగులో రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

నాది మా అక్క బీటెక్ చదివినప్పటి లాప్‌టాప్. విండోస్ దాని మీద ఊపిరాడనట్టు నడిచేది. ఫస్టియర్‌లో లినక్స్ మింట్ వేశా, సినమన్ డెస్క్‌టాప్‌తో. 60 జీబీ ఇచ్చా. హాయిగా నడిచింది. వ్యాసం పంపాల్సిన ముందు రోజు రాత్రి 11:30కి ఆన్ చేసి పాస్‌వర్డ్ కొట్టా. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. తప్పు కొట్టానేమో అనుకుని ఇంకోసారి కొట్టా. తప్పయితే తప్పని చెప్తుంది కదా, అది కూడా చెప్పట్లేదు. పాస్‌వర్డ్ తీసుకుంటుంది, నల్లబడుతుంది, మళ్లీ గుమ్మం దగ్గరే వదిలేస్తుంది. పదిసార్లు అదే.

నా రూమ్మేట్ దుప్పటిలోంచి తల బయటపెట్టి, "ఏముంది మామా, ఫార్మాట్ కొట్టెయ్. అరగంటలో అయిపోద్ది" అన్నాడు. హాస్టల్లో ఏ రోగానికైనా మందు అదే. పెన్‌డ్రైవ్ కూడా తీసి ఇచ్చాడు పాపం.

కొట్టలేకపోయా. ఆ లాప్‌టాప్‌లో తాత గొంతు ఉంది. దసరా సెలవుల్లో శ్రీకాకుళం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించినవి, మొత్తం 41 రికార్డింగులు. ఫోన్‌లో జాగా చాలక లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోన్‌లోంచి తీసేశా. సంక్రాంతి అయ్యాక తాతకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు మాట్లాడతాడు గానీ ఆ మాట అమ్మమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. పోతే మళ్లీ రికార్డు చేసుకుందాంలే అనుకునే వీల్లేదు.

ఇక్కడ కొంచెం థియరీ. విండోస్ వాడినన్నాళ్లు నా దృష్టిలో డెస్క్‌టాప్ అంటేనే ఆపరేటింగ్ సిస్టమ్. కింద పట్టీ, మూల మీద మెనూ, వాల్‌పేపర్, అంతా ఒకటే ముద్ద. లినక్స్‌లో అవి వేర్వేరు అంతస్తులు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకీలో చదువుకుంటూ బయటపెట్టింది కెర్నెల్ మాత్రమే, అంటే అన్నిటికంటే కింది అంతస్తు. అప్పటికి ఆయనకి 21 ఏళ్లు, మన ఫైనలియర్ వాళ్ల వయసు. డిస్క్, మెమరీ, కీబోర్డ్ లాంటి హార్డ్‌వేర్‌తో మాట్లాడేది అదే. దాని మీద స్క్రీన్ మీద గీసే ఎక్స్ సర్వర్. దాని మీద పాస్‌వర్డ్ అడిగే ప్రోగ్రాం, నా దాంట్లో దాని పేరు లైట్‌డీఎం. మనల్ని లోపలికి పంపాక మొదలయ్యేది సినమన్. థీమ్, ఐకాన్లు దానికి వేసిన రంగు, ముగ్గు.

పై అంతస్తు ఒక్కటే మార్చుకోవచ్చు అనేదానికి సినమనే సాక్ష్యం. 2011లో గ్నోమ్ 3 వచ్చినప్పుడు అలవాటైన మెనూ, పట్టీ పోయాయని చాలామందికి నచ్చలేదు. మింట్ వాళ్లు గ్నోమ్ షెల్ సోర్స్ తీసుకుని, పాత పద్ధతికి దగ్గరగా మార్చి, సినమన్ అని పేరు పెట్టుకున్నారు. కింది ఇల్లు అలాగే ఉంది. ఓపెన్ సోర్స్ అంటే ఫ్రీగా దొరకడం అనుకునేవాణ్ణి. ఇలా విప్పి, మళ్లీ బిగించుకోనివ్వడం అసలు సంగతి అని ఆ రాత్రే బుర్రకెక్కింది.

సరే, పాస్‌వర్డ్ తెర కనిపిస్తోందంటే కెర్నెల్ బాగుంది, ఎక్స్ బాగుంది, లైట్‌డీఎం బాగుంది. గోల దాని తర్వాతే. అంటే ఫైళ్లు ఉన్న డిస్క్ చదవబడుతోంది. తోలుబొమ్మలాటలో దీపం ఆరిందని బొమ్మలు తగలబడ్డాయనుకోం కదా.

అలాంటప్పుడు లోపలికెళ్లడానికి పెరటి గుమ్మం ఒకటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే బొమ్మలేమీ లేని నల్ల తెర వస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ టైప్ చేస్తే లోపలికి రానిస్తుంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, కంగారుపడొద్దు. మళ్లీ పాత తెరకి వెళ్లాలంటే మింట్‌లో ఎఫ్7.

వెళ్లా. మ్యూజిక్ ఫోల్డర్‌లోకి దిగి ‘ఎల్ఎస్’ కొట్టా. ఫైళ్ల పేర్లు రావాల్సిన చోట వరసగా డబ్బాలు. ఒక్క అక్షరం లేదు. తాత చెప్పిన ఒక్కో మాటనే ఒక్కో ఫైలుకి పేరుగా పెట్టుకున్నా, తెలుగులో. అన్నీ డబ్బాలే. చేతులు చల్లబడ్డాయి. రూమ్మేట్ వచ్చి చూసి "కరప్ట్ అయిపోయాయి మామా" అన్నాడు. ఫార్మాట్ పెన్‌డ్రైవ్ ఇంకా టేబుల్ మీదే ఉంది.

కరప్ట్ కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే తెలుగు అక్షరం కంప్యూటర్‌లో ఎలా బతుకుతుందో చెప్పాలి. సాహిత్య క్లబ్ వాళ్లం కాబట్టి మనకిది తెలిసి ఉండాలి కూడా.

‘స్త్రీ’ అని రాయండి. మనకి ఒక అక్షరం. డిస్క్ మీద మాత్రం ఆరు నంబర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. యూనికోడ్‌లో తెలుగుకి 128 గళ్ల పేట ఒకటి ఇచ్చారు, ఈ ఆరూ అక్కడివే. మామూలుగా మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు నంబర్‌కి 3 బైట్లు పడతాయి కాబట్టి ‘స్త్రీ’కి 18 బైట్లు. తవొత్తు ఎక్కడ వేలాడాలి, క్రారవడి ఎటు చుట్టాలి, గుడి ఎవరి నెత్తిన పెట్టాలి అనేది డిస్క్‌లో ఎక్కడా ఉండదు. అది గీసేటప్పుడు తేలుతుంది. ఫాంట్‌లో ఆ నియమాలుంటాయి, వాటిని చదివి అమర్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. లినక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు కనిపించిన దాదాపు ప్రతిచోటా వెనకాల పనిచేసేది అదే.

ఎఫ్3 నల్ల తెరకి ఇవేమీ లేవు. అక్కడ గీసేది నేరుగా కెర్నెల్. దాని ఫాంట్‌లో మహా అయితే 512 ఆకారాలు పడతాయి. ఒత్తులు అమర్చడం అసలు తెలీదు. తెలుగు నంబర్ రాగానే "నా దగ్గర లేదు" అని ఒక డబ్బా పెట్టి ముందుకెళ్తుంది. లోపల బైట్లు చెక్కుచెదరవు. గీసేవాడికి చదువు రాకపోతే ఉత్తరం చిరిగినట్టు కాదు.

ఈ గీసే పని ఎంత చిక్కో తెలియాలంటే 2018 ఫిబ్రవరి గుర్తు తెచ్చుకోండి. ‘జ్ఞ’కి మధ్యలో కనపడని ఒక గుర్తు, తర్వాత దీర్ఘం చేరిన ఒక తెలుగు ముక్క మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలేవి. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా, అందరూ ఒకరికొకరు పంపుకుని నవ్వుకున్నాం. ఐఓఎస్ 11.2.6తో అది సరిచేశారు. ఆ కనపడని గుర్తు మనకి పనికొచ్చేదే. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ‘సాఫ్ట్‌వేర్’లో టకి పొల్లు ఉండి వ విడిగా నిలబడుతోందంటే మధ్యలో అది ఉన్నట్టు. లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. మన సంచికకి వచ్చే వ్యాసాల్లో సగం ప్రూఫ్ తప్పులు ఇవేనని అక్క అంటుంది.

నా డెస్క్‌టాప్‌ని నేను మార్చుకున్నదంతా కూడా ఈ గీసే అంతస్తులోనే. మింట్ వేసిన కొత్తలో బ్రౌజర్‌లో తెలుగు నాకు నచ్చని ఫాంట్‌లో వచ్చేది. ఏ ఫాంట్ వాడుతోందో అడగడానికి ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ అని కొట్టి, ఖాళీ వదిలి, కోలన్ పెట్టి ‘ల్యాంగ్=టీఈ’ అనాలి. నాకు నోటో సాన్స్ తెలుగు అని వచ్చింది. ఇంకేమున్నాయో చూపించేది ‘ఎఫ్‌సీ-లిస్ట్’. కొత్తవి కావాలంటే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం’. ఈ ఒక్క లైనుకి పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, వెనకే శ్రీకృష్ణదేవరాయలు కూడా దిగిపోతారు, ఫాంట్ల పేర్లు అవే మరి. భువనవిజయం మొత్తం టెర్మినల్లోంచి ఇంటికొస్తుంది. గిడుగు పేరుతో కూడా ఒకటుంది. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారిది మా శ్రీకాకుళం వైపే కాబట్టి తాత మాటల వ్యాసానికి అదే పెట్టుకున్నా. అచ్చు కోసం కాదు, నా తృప్తికి.

విడిగా దించుకున్న ఫాంట్‌ని హోమ్‌లో ‘.లోకల్/షేర్/ఫాంట్స్’లో పడేసి ‘ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్’ కొడితే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు. డీటీపీ సెంటర్ల నుంచి వచ్చే పాత ఫైళ్లు మాత్రం ఏ ఫాంట్ వేసినా బాగుపడకపోవచ్చు. వాటిలో చాలావరకు యూనికోడే కాదు, ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. వాటిని కన్వర్టర్‌లో వేసి మార్చుకోవాల్సిందే.

టైపింగ్‌కి ఐబస్, దానికి తోడు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి చాలా పద్ధతులు వస్తాయి. ఇంగ్లిష్ మీడియం వాళ్లకి ఆర్‌టీఎస్ తేలిక, పలికినట్టు కొట్టడమే. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ దగ్గర పుట్టింది కాబట్టి దాని పేరులో మొదటి అక్షరం రైస్‌ది. నేను మాత్రం తర్వాత ఇన్‌స్క్రిప్ట్‌కి మారా. ఎడమచేతికి అచ్చులు, గుణింతాలు, కుడిచేతికి హల్లులు. రెండు వారాలు నరకం. ఆ తర్వాత ళ, ల తేడా వేళ్లకే తెలిసిపోయింది. పరీక్షల్లో తెలుగు మార్కులు చూసి బాధపడిన మా అమ్మకి ఈ ముక్క చెప్పాలి.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. డబ్బాలు గీయడం వల్లే అయితే సైజులు మారకూడదు. ‘ఎల్ఎస్ -ఎల్‌హెచ్’ కొట్టా. 28 ఎంబీ, 35 ఎంబీ, 31 ఎంబీ, అన్నీ ఉన్నాయి. లెక్కపెట్టా, 41. అప్పుడు కూర్చున్నా.

ముందు వాటిని బయటికి తీయాలి, రిపేరు తర్వాత. ఇది వరస మార్చకండి. రూమ్మేట్ ఇచ్చిన ఆ పెన్‌డ్రైవే గుచ్చి, ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’తో దాని పేరు చూసి, ‘సుడో మౌంట్’తో ‘/ఎంఎన్‌టీ’ దగ్గర తగిలించా. పేరు టైప్ చేయలేని ఫైళ్లని ఎలా కాపీ చేస్తారంటే, చుక్క గుర్తు ఒక్కటి చాలు, నక్షత్రం లాంటిది. ఉన్నవన్నీ అని దానర్థం. పెన్‌డ్రైవ్ పాత ఫార్మాట్‌లో ఉంది కాబట్టి తెలుగు పేర్లతో అక్కడ పేచీ రావచ్చు. అందుకని ‘టార్’తో అన్నిటినీ ఒకే మూటగా కట్టి, మూటకి ఇంగ్లిష్ పేరు పెట్టి దాని మీదకి రాయించా. లోపలి పేర్లు లోపలే భద్రం. 1.3 జీబీ ఎక్కడానికి పట్టిన ఆరేడు నిమిషాలు నేనెవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత రోగం. ‘డీఎఫ్ -హెచ్’ కొడితే దొరికిపోయింది. మొత్తం 59 జీబీ, వాడింది 56, మిగిలింది 0. తీసివేతలో 3 రావాలి కదా? ఆ 3 ఎక్కడికీ పోలేదు. ఎక్స్ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగాని రూట్ కోసం పక్కన పెడుతుంది. డిస్క్ నిండినా సిస్టమ్ లేచి నిలబడాలని. అందుకే మెషిన్ చక్కగా ఆన్ అయి పాస్‌వర్డ్ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి నేను, అంటే మామూలు యూజర్‌ని, లోపలికెళ్లాలంటే హోమ్‌లో ‘.ఎక్స్అథారిటీ’ అని చిన్న ఫైలు రాయాలి. ఈ స్క్రీన్ మీద గీసే హక్కు వీడికుంది అని చెప్పే చీటీ అది. చీటీ రాయడానికి నాకు ఒక్క బైటు లేదు. చీటీ లేదు కాబట్టి బయటికి గెంటేసింది. పాస్‌వర్డ్ సరైనదే కాబట్టి తప్పని చెప్పలేదు. మొత్తం మిస్టరీ ఇంతే.

ఎవరు నింపారు? నేనే. టైమ్‌షిఫ్ట్ అని మింట్‌లో ఉంటుంది. సిస్టమ్‌ని నిన్నటి రూపానికి వెనక్కి తిప్పడానికి స్నాప్‌షాట్లు తీస్తుంది. అది సిస్టమ్ ఫైళ్ల కోసం చేసింది, హోమ్‌ని మామూలుగా వదిలేస్తుంది. నేను తెలివి ఎక్కువై "హోమ్ కూడా" అని టిక్ పెట్టా. మొదటి స్నాప్‌షాట్ పూర్తి నకలు, తర్వాతవి మారినవాటినే కొత్తగా దాస్తాయి, మారనివాటికి పాత నకలునే హార్డ్ లింక్‌తో చూపిస్తాయి. అంటే నేను సినిమాలు డిలీట్ చేసి 6 జీబీ ఖాళీ అయిందని సంబరపడినా, స్నాప్‌షాట్ లోపల వాటి నకళ్లు దర్జాగా కూర్చునే ఉన్నాయి. ఆ వారం ల్యాబ్ కోసం దించిన పైథాన్ లైబ్రరీలు చివరి జాగా తినేశాయి. డిస్క్ నిండుతోందని మూడు రోజులుగా పాపప్ వస్తూనే ఉంది. నేను క్లోజ్ కొడుతూనే ఉన్నా.

ఇంకా సిగ్గుపడే విషయం, రికార్డింగులకి బ్యాకప్ ఉందనుకున్నా. ఉంది, అదే డిస్క్ మీద. ఫార్మాట్ కొట్టి ఉంటే అసలు, నకలు ఒకేసారి పోయేవి.

‘సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్’ అంటే పేర్లు వస్తాయి, ‘--డిలీట్ --స్నాప్‌షాట్’ అని పేరిస్తే తీసేస్తుంది. పాతవి నాలుగు తీశా. ‘సుడో ఆప్ట్ క్లీన్’ కూడా కొట్టా, అప్‌డేట్ల కోసం దించిన ప్యాకేజీలు ఊడ్చుకుపోతాయి. 22 జీబీ ఖాళీ. ఎఫ్7కి వెళ్లి పాస్‌వర్డ్ కొడితే నా వాల్‌పేపర్ వచ్చింది. టైము 2:15. డబ్బాలున్న చోట ఏతాం, గరిసె, మదుం. ఫైళ్లని నేను ముట్టుకోను కూడా లేదు, చదువొచ్చినవాడు వచ్చి గీశాడంతే.

ఇలా గుమ్మం దగ్గరే తిరగడానికి డిస్క్ ఒక్కటే కారణం కాదు. సుడోతో గ్రాఫిక్ ప్రోగ్రాంలు నడిపితే ఒక్కోసారి ఆ ‘.ఎక్స్అథారిటీ’ రూట్ సొంతమైపోతుంది. దాన్ని డిలీట్ చేస్తే మళ్లీ కొత్తది పుడుతుంది. లోపలికెళ్లాక "సినమన్ క్రాష్ అయింది" అని వస్తే థీమో, ఎక్స్‌టెన్షనో అనుమానించండి. ‘డీకాన్ఫ్ రీసెట్ -ఎఫ్ /ఆర్గ్/సినమన్/’ అంటే డెస్క్‌టాప్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, మీ ఫైళ్ల జోలికి పోదు. లోపం మీ సెట్టింగుల్లోనా, సిస్టమ్‌లోనా తేల్చుకోవాలంటే నాకు నచ్చిన పరీక్ష, ‘సుడో యాడ్‌యూజర్’తో కొత్త యూజర్‌ని పుట్టించి వాడితో లాగిన్ అవడం. వాడికి బాగుంటే తప్పు మీ హోమ్‌లోనే ఉంది. డిస్క్ నిండితే మాత్రం వాడికీ అదే గతి, కాబట్టి ‘డీఎఫ్’ ఎప్పుడూ ముందు. నల్ల తెర కూడా రాకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా, లైవ్‌లోంచే ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. ఫార్మాట్‌కి వాడే పెన్‌డ్రైవే ఇది కూడా. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే మీ పాస్‌ఫ్రేజ్ కావాలి, అది గుర్తులేకపోతే నేనేం చేయలేను.

ఆ తెల్లారి నిద్రపోయి, క్లాసు, వ్యాసం గడువు రెండూ పోగొట్టుకున్నా. వ్యాసం ఇప్పుడు అక్క దగ్గరుంది. రికార్డింగులు లాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, మా అక్క దగ్గర హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. ఫోన్‌లో కొన్ని మళ్లీ పెట్టుకున్నా. మొన్న ఊరెళ్లినప్పుడు ఏతాం రికార్డింగు తాతకి వినిపించా. తన గొంతు తను విని, ఏదో అన్నాడు. అమ్మమ్మ నవ్వి చెప్పింది: "ఆ లెక్క తప్పు చెప్పాడట, మళ్లీ రాసుకోమంటున్నాడు." ఏ లెక్కో అడిగి దిద్దుకున్నా.

రూమ్మేట్ సలహా ఇంకా నడుస్తోంది, "ఇకనైనా ఫైళ్లకి ఇంగ్లిష్ పేర్లు పెట్టుకో మామా" అని. పెట్టలేదు. పెన్‌డ్రైవ్ మాత్రం వాడికి ఇంకా తిరిగివ్వలేదు.